అల్ మవాలేలో మేం తీసుకోని గది

పెళ్ళికి వారం ముందు మా పాస్టరుగారు మా ఇద్దర్నీ చర్చి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి డబ్బు గురించి మాట్లాడారు. కాపురం గురించి పాస్టరమ్మగారు నాకు విడిగా చాలా చెప్పారు గానీ అందులో ఒక్క ముక్క కూడా ఇప్పుడు గుర్తులేదు. డబ్బు సంగతి మాత్రం గుర్తుంది. మొగుడి డబ్బు, పెళ్ళాం డబ్బు అని రెండు ఉండకూడదు, ఇద్దరిదీ ఒకటే సంచి అన్నారాయన. రోజువారీ ఖర్చు కాకుండా ఏం కొనాలన్నా, ఎవరికి ఇవ్వాలన్నా, ఇద్దరూ విడివిడిగా ఒక వారం ప్రార్థన చెయ్యాలి. ఆ వారంలో దాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. మాట్లాడుకుంటే ఒకరి కోరిక ఇంకొకరికి అంటుకుంటుందట. వారం అయ్యాక కూర్చుని, ముందు భర్త, తర్వాత భార్య, తమ మనసుకి నెమ్మది దొరికిందో లేదో చెప్పాలి. ఇద్దరికీ దొరికితేనే ఖర్చు. ఒక్కరికి దొరక్కపోయినా ఆ మాట అక్కడితో సరి, మళ్ళీ ఎత్తకూడదు.

ఈ వారంలోపు సరుకు ధర పెరిగితే ఏం చెయ్యాలండీ అని అడగబోయాను. పక్కనున్న మా అమ్మ తొడమీద గిల్లింది. మా ఆయన మాత్రం బుద్ధిగా తల ఊపారు. నోట్లో నాలుక లేని మనిషి. నాకేమో ముక్కు మీద కోపం. అలాంటి ఇద్దరికి ఆ పద్ధతి ఎంత బాగా కుదిరిందో తర్వాత చెప్తాను.

ఒమన్‌కి ముందు ఆయన వచ్చారు. రుస్తాఖ్‌లో ఒక కంపెనీ సైట్‌లో పనికి చేరి, తర్వాత అదే అర్బాబ్‌కి, అంటే యజమానికి, ఉన్న బిల్డింగ్ సామాన్ల దుకాణంలో స్టోర్ చూసే మనిషి అయ్యారు. నేను ఆ తర్వాత ఖురంలో ఒక ఇంట్లో వంటకీ పనికీ చేరాను. మా గోదావరి వైపు నుంచి, కడప నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఆ వీధుల్లో చాలామందే ఉన్నాం. నాకు వంటింటి పక్కన చిన్న రూమ్ ఇచ్చారు. ఆయనకి దుకాణం వెనక నలుగురితో కలిసి రూమ్. రెండు ఊళ్ళ మధ్య టాక్సీలో దాదాపు రెండు గంటలు. మాకు శుక్రవారం సెలవు. ఆ రోజు రూవీలో తెలుగువాళ్ళ ఆరాధన ఉంటుంది. ఆయన రుస్తాఖ్ నుంచి నలుగురితో కలిసి టాక్సీలో వచ్చేవారు, నేను బస్సులో వెళ్ళేదాన్ని. ఆరాధన అయ్యాక కాంపౌండ్ గోడ నీడలో కూర్చుని బిర్యానీ పొట్లం విప్పుకుని తినేవాళ్ళం. మా కాపురం అంటే ఆ గోడ నీడే.

జీతాల్లో పదో వంతు చర్చికని ముందే కవర్లో పెట్టేసేవాళ్ళం. దాని గురించి ప్రార్థన అక్కర్లేదు, అది మాది కాదు. ఆ ఇచ్చిన దాని గురించి నాకు ఇప్పటికీ ఏ బాధా లేదు. తర్వాత ఎక్స్ఛేంజ్‌కి వెళ్ళి ఊరికి డబ్బు పంపేవాళ్ళం. ఊళ్ళో అత్తవారింటి పక్కన మాకు కాస్త స్థలం వచ్చింది, అందులో ఇల్లు కడుతున్నాం. పునాది, పిల్లర్లు, శ్లాబు అని మేస్త్రి ఒక్కో పేరు చెప్పి అడిగేవాడు. మేం పంపేవాళ్ళం. అది ఇద్దరం ఎప్పుడో ప్రార్థన చేసి ఒప్పుకున్న ఖర్చు కాబట్టి దానికీ వారం ఆగనక్కర్లేదు.

మిగతావాటికి మాత్రం వారం ఆగాల్సిందే. ఒకసారి ఆయన చెప్పులు తెగిపోయి, పిన్నీసు పెట్టుకుని ఆరాధనకి వచ్చారు. పదండి, కొనుక్కుందాం అంటే, చెప్పులు రోజువారీ ఖర్చు కిందికి వస్తాయా రావా అని నిజంగానే ఆలోచనలో పడ్డారు. నాకు ఒళ్ళు మండి, ఈ వారమంతా మీరు వొట్టి కాళ్ళతో ప్రార్థన చెయ్యండి, మోషేగారిలాగా, అన్నాను. నవ్వి కొనుక్కున్నారు. నేను ఒక మిక్సీ ఆశపడితే ఆయనకి నెమ్మది దొరకలేదు. రుస్తాఖ్ కొండల చలికి ఆయన కోటు కావాలంటే నాకు దొరకలేదు. జీతం మొత్తం తాగేసేవాళ్ళనీ, పెళ్ళానికి తెలియకుండా ఊళ్ళో చీటీలు కట్టేవాళ్ళనీ చుట్టూ చూస్తున్నాం కదా, వాళ్ళ ముందు మేం మేలనిపించేది. మా సంఘ పెద్ద మమ్మల్ని చూపించి కొత్తగా పెళ్ళయిన జంటలకి చెప్పేవారు, డబ్బు దగ్గర ఒక్కసారి కూడా గొడవపడని దంపతులు అని. ఆయన అలా అన్నప్పుడల్లా నేను చీర కొంగు సర్దుకుని నిటారుగా కూర్చునేదాన్ని. గర్వం కాక మరేమిటి? గొడవ ఎందుకు లేదంటే మాట లేదు కాబట్టి. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

ఖురం నుంచి బస్సులో రోజూ వెళ్ళిరాగలిగే దూరంలో, అల్ మవాలేలో ఒక హైదరాబాదు ఆవిడ ఉంది. ఆమె భర్త దర్జీ, ఆమె జాకెట్లు కుడుతుంది. నేను ఆపా అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది. ఇద్దరిలో ఎవరు పెద్దో మేం ఎప్పుడూ తేల్చుకోలేదు. ఆమె ఫ్లాటుకి ఆనుకుని, బయటినుంచి విడిగా తలుపున్న చిన్న గది ఒకటి ఉంది. అందులో ఉన్నవాళ్ళు ఖాళీ చేస్తున్నారని, బయటివాళ్ళకి ఇచ్చేముందు నన్ను అడుగుతున్నానని ఫోన్ చేసింది. నేను వెళ్ళి చూశాను. ఒక గది, మూలన పొయ్యికి గట్టు, లోపలే స్నానానికి చోటు, తూర్పు వైపు కిటికీ. అంతే.

ఆ గది చూడగానే నాకేమైందో చెప్పాలంటే, అప్పటిదాకా నాకూ ఆయనకీ ఇద్దరికే అని ఒక గది లేదని చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో అత్తవారింట్లో ముందుగదిలో పడుకునేవాళ్ళం, పొద్దున్నే పాలు తెచ్చే మనిషి మా పక్క దాటుకుని వంటింట్లోకి వెళ్ళేది. తర్వాత ఆయన ఇక్కడికి, నేను ఇక్కడికి. ఊరికెళ్ళే సెలవులు కూడా ఇద్దరికీ ఒకేసారి దొరికేవి కావు. ఆయనతో కలిసి పొద్దున్నే లేచి, నా చేత్తో టీ పెట్టి ఇచ్చి డ్యూటీకి పంపడం అనే పని నేను ఎరగను. ఆ గట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాక నాకు అదొక్కటే కావాలనిపించింది. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

దారులన్నీ కూడా కలిసొచ్చాయి. మా మేడమ్‌ని అడిగితే, మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదా, నువ్వు రాత్రికి వెళ్ళి పొద్దున్నే వస్తే నాకేం ఇబ్బంది లేదంది. మా ఆయన అర్బాబ్‌కి మవాలేలో ఇంకో దుకాణం ఉంది, అక్కడికి రమ్మని ఆయన్ని అప్పటికే అడుగుతున్నాడు. అడ్డు ఒక్కటే. అద్దె కడితే నెలనెలా ఊరికి పంపేది పంపలేం. ఇల్లు పిల్లర్ల దగ్గరే ఆగిపోతుంది.

ఆ శుక్రవారం గోడ నీడలో గది సంగతి ఆయనకి చెప్పాను. ఎలా చెప్పాను? మిక్సీ గురించి చెప్పినట్టే చెప్పాను. ఆపా వాళ్ళ పక్కన గది ఖాళీ అవుతోందట, అద్దె ఇంతట, మేడమ్ సరేనంది అని. కావాలి అని అనలేదు. మా పద్ధతిలో కావాలి అనే మాట లేదు, నెమ్మది ఉంది, నెమ్మది లేదు అనేవే ఉన్నాయి. ఆయన కాసేపు బిర్యానీలో ఎముక తిప్పుతూ కూర్చుని, సరే, వారం ప్రార్థన చేద్దాం అన్నారు. తర్వాత ఫోన్ తీసి మేస్త్రి పంపిన ఫొటో చూపించారు. పిల్లర్లు లేచాయి, వాటి నెత్తిమీద ఇనప ఊచలు బయటికి పొడుచుకుని ఉన్నాయి. నేను చాలాసేపు చూశాను. ఎప్పటికి పూర్తయ్యేను ఇది అని నిట్టూర్చాను. ఎవరుంటారు ఇందులో, ఎప్పుడుంటారు అన్న విసుగు అది.

ఆ వారం నేను ప్రార్థన చేసిన మాట నిజమే. మోకాళ్ళ మీదికి వెళ్ళగానే దేవుడి కంటే ముందు ఆ గది కిటికీ వచ్చేది. దానికి ఏ రంగు గుడ్డ కట్టాలో తేలేసరికి ఆమెన్ అనేదాన్ని. గిన్నెలు ఏ మూల, పెట్టెలు ఏ మూల అన్నీ సర్దేశాను. ఉప్పుడబ్బా ఎక్కడ పెట్టాలో కూడా అనుకున్నాను.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. పొట్లం విప్పకముందే ఆయన, తలకాయ వంచుకుని చెప్పారు.

"నాకు నెమ్మది దొరకలేదే. ఇల్లు ఆగిపోద్ది."

ఒక్కరికి లేకపోతే చాలు, అక్కడితో సరి. నేను ఇంక నోరు విప్పాల్సిన పనే లేదు. అయినా విప్పాను.

"నాకూ దొరకలేదండి," అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. పాపం, ఒక్కరే కాదన్నానని బాధపడతారేమో అన్న జాలి కొంత ఉంది. దానికంటే కోపం ఎక్కువ ఉంది. నాతో ఒక గదిలో ఉండటానికి మనసొప్పని మనిషిని నేను బతిమాలాలా అనుకున్నాను. వంద బైసాలు ఎక్కువ చెప్పాడని కూరగాయలవాడితో బజారంతా వినిపించేలా పోట్లాడే దాన్ని నేను. ఆ రోజు గుడ్ల నీళ్ళు కుక్కుకుని, బిర్యానీ కారంగా ఉందన్నాను. ఆయన లేచి వెళ్ళి నాకు మజ్జిగ తెచ్చారు. అది కారం లేని బిర్యానీ.

ఆపాకి ఫోన్ చేసి వద్దని చెప్తే ఆమె ముందు నమ్మలేదు. తర్వాత వచ్చిందామెకి కోపం.

"మీ దేవుడు మొగుడూ పెళ్ళాన్ని ఒక్కటి చేసిండంటవు గదా అక్కా. మరి ఒకల్ని రుస్తాఖ్‌ల, ఒకల్ని ఖురంల ఉంచుమన్నడా?"

నీకు తెలీదులే ఆపా, ఇది మా నమ్మకం అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ మాట నాకే చప్పగా అనిపించింది. ఆ గదిలోకి ఎవరో వచ్చారు. నేను కొన్నాళ్ళు జాకెట్లు ఇంకోచోట కుట్టించుకున్నాను.

తర్వాతి సంవత్సరాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. శ్లాబు పడింది. గోడలు లేచాయి. గచ్చుకి టైల్స్ ఏవి బాగుంటాయని మేస్త్రి ఫొటోలు పంపితే గోడ నీడలో కూర్చుని ఇద్దరం ఫోన్ మీదికి వంగి చూసేవాళ్ళం. కొన్ని శుక్రవారాలు దుకాణంలో లెక్కలని ఆయన వచ్చేవారు కాదు, కొన్ని శుక్రవారాలు మేడమ్ ఇంటికి చుట్టాలొచ్చారని నేను వెళ్ళేదాన్ని కాదు. మాకు పిల్లలు లేరు. డాక్టర్లు ఏవో కారణాలు చెప్పారు. అవి నిజమే అయ్యుంటాయి. కానీ సంవత్సరానికి ఎన్ని రోజులు కలిసున్నామని ఏ డాక్టరూ మమ్మల్ని అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆపాతో మళ్ళీ మాటలు కలిశాయి. గది సంగతి మాత్రం మేం ఎవరమూ ఎత్తలేదు.

తర్వాత అర్బాబ్ రెండు దుకాణాలూ మూసేశాడు. మా ఆయన వయసుకి ఇక్కడ వేరే వీసా దొరకలేదు. సామాన్లు కట్టుకుని ఊరికి వెళ్ళిపోయి, దగ్గరుండి ఇంటికి రంగులు వేయించారు. కొత్త ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నప్పుడు నేను సెలవు మీద వెళ్ళాను.

ఇల్లు బాగుంది. బాగులేదని అబద్ధం చెప్పను. షామియానా వేసి, చుట్టాలందరికీ భోజనాలు పెట్టాం. పాస్టరుగారు ఆయన్ని సాక్ష్యం చెప్పమన్నారు. నలుగురిలో గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి మైకు పట్టుకుని, ఈ ఇల్లు నాది కాదు, నా భార్యది అన్నారు. నా వైపు చూడకుండా అన్నారు. "అక్కడ మాకు ఒక గది దొరికిందండి. కలిసుండే వీలు ఉంది. కానీ ఆమెకి ఈ ఇంటిమీదే మనసు. ఫొటో చూసి నిట్టూర్చడం నేను చూశాను. తన నోటితో చెప్పలేక బాధపడుద్దని, నేనే ముందు వద్దన్నానండి. ఆమె కూడా వద్దనే అంది. ఆమె త్యాగం వల్లే ఈ రోజు ఈ ఇల్లు లేచింది," అన్నారు. అందరూ హల్లెలూయా అన్నారు. మా ఆడపడుచు నా భుజం నిమిరింది. నేను షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే చుట్టాలంతా వెళ్ళాక పెరట్లో అంట్లు తోముతున్నాను. ఆయన నీళ్ళు పోస్తున్నారు. ఇన్నేళ్ళకి మొదటిసారి, వారం ఆగకుండా అడిగాను.

"ఆ గది మీకు కావాలనిపించలేదా?"

ఆయన చెంబు కింద పెట్టారు.

"నేను వెళ్ళి చూశానే," అన్నారు. "ఆ వారంలోనే. ఒక మధ్యాహ్నం అర్బాబ్ సామాను వేన్లో మవాలే వెళ్ళాల్సొచ్చింది. ఆపా బజారుకెళ్ళింది, వాళ్ళాయన తాళం తీశాడు. ఆ వారం మనం మాట్లాడుకోకూడదు గదా, అందుకని ఎవరికీ చెప్పొద్దని ఆయన చేత మాట తీసుకున్నాను. టేపు పట్టుకెళ్ళి కొలిచాను. తలుపు లోపలికి తెరుచుకుంటది, అది చూసుకోవాలి. ఎడమ గోడ వారగా వేస్తే డబల్ కాట్ మంచం పడుద్ది. తలుపుకి తగలదు."

నేను ఏడ్చాను. ఆ ఏడుపులో సగం కోపమే. చెప్పొచ్చు కదండీ అన్నాను. నువ్వూ చెప్పొచ్చు కదే అన్నారు. పాస్టరుగారి మీద కూడా కోపం వచ్చింది గానీ, ఆయన ప్రార్థన చెయ్యమన్నారు, ఒకరి ముఖం ఒకరు తప్పుగా చదువుకోమని చెప్పలేదు. దేవుడి మీదికి నెట్టేద్దామన్నా న్యాయం కాదు. ఇద్దరం మోకాళ్ళ మీద ఆయన్ని అడిగింది ఒకటే గది. మేం దాన్ని ఆయనకి చెప్పి, ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఇల్లు పూర్తయ్యేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఇద్దరిలో జీతం ఉన్నది నాకొక్కదానికే. అందుకని సెలవు అయ్యాక మళ్ళీ నేను ఖురం వచ్చేశాను. ఆయన ఆ ఇంట్లో ఒక్కరే వండుకుంటున్నారు. రెండు పడకగదులు, టైల్స్ గచ్చు, తూర్పు కిటికీలు ఎన్నో. రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఈరోజు ఏ కూర మాడ్చారో చెప్తారు. ఈ వీసా అయిపోగానే వచ్చేస్తాను, ఇంక కొత్తది తీసుకోను అని మొన్న చెప్పాను. ఆయన వారం అనలేదు, నేనూ అనలేదు. వచ్చేయ్ అన్నారు. సంతోషమే. కానీ పోయిన ఆ పొద్దులు మళ్ళీ రావు. అప్పటి మా వయసూ, అప్పటి నా ఓపికా రావు. వెళ్ళి టీ పెట్టి ఇచ్చినా, పంపడానికి ఆయనకిప్పుడు డ్యూటీ లేదు.

వెళ్ళిపోతున్నానని చెప్పడానికి పోయిన శుక్రవారం ఆపా ఇంటికి వెళ్ళాను. ఆ గదిలో ఇప్పుడు ఎవరూ లేరు, గుడ్డల తానులు పెట్టుకుంటున్నారు. మాటల్లో కొలత సంగతి చెప్తే ఆమె భర్త మిషను ఆపి, అవును, వచ్చాడు, మాట తీసుకున్నాడు, ఇచ్చిన మాట కదా, ఇంట్లో కూడా చెప్పలేదు అన్నాడు. ఆపా ఆయన వైపు చూసిన చూపు నేను రాయలేను. తాళం నేను అడగలేదు, ఆమే తెచ్చి చేతిలో పెట్టింది.

"పోయి చూస్కో అక్కా," అంది.

తలుపు లోపలికే తెరుచుకుంది. పొయ్యి గట్టు అక్కడే ఉంది, దానిమీద లైనింగు గుడ్డల మూట ఉంది. ఎడమ గోడ వార తానులు పక్కకి జరిపాను. ఆపా భర్త మెడలోని టేపు అడిగి తెచ్చుకున్నాను. అది జాకెట్లు కొలిచే టేపు, పొట్టిది, గోడమీద వేలితో గుర్తు పెట్టుకుంటూ మూడుసార్లు వెయ్యాల్సొచ్చింది. ఊళ్ళో మా మంచం కొలత నాకు తెలుసు. తలుపు పూర్తిగా తెరిచి మళ్ళీ చూశాను. తర్వాత తానుల మీద కూర్చుని ఊరికి ఫోన్ చేశాను.

"మంచం పడుద్దండీ," అన్నాను.

ఎక్కడున్నావని ఆయన అడగలేదు. అవతల పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆయన పొయ్యి ఆపేశారు.

"తెలుసే," అన్నారు.